ఆరిన దీపం, ఎర్ర దీపం

ఖరగ్‌పూర్ రైలు కోసం పుట్టిన ఊరు. పందొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఇక్కడికి పట్టాలు తెచ్చి కర్ఖానా కట్టనారంభించేనాటికి ఇది ఎర్రమొరం నేలమీద, సాలవనాల నడుమ, పెద్దగా ఎవరికీ తెలియని చోటు. కర్ఖానా వెంట మనుషులు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి వచ్చిన తెలుగువారు మథురాకాటీలోను, నింపురాలోను తరతరాలుగా కాపురముంటున్నారు. మా పక్కింటి వృద్ధుడు వారిలో ఒకరు. ఆయన ఉద్యోగ జీవితమంతా సిగ్నలు కేబిన్‌లో, లీవర్ల వరుస ముందు గడిచిపోయింది. ఒక సాయంకాలం ఆయన తన మనుమడికి చెబుతూండగా నేను విన్న మాట ఇది:

"దీపం ఆరిపోయిన సిగ్నలు కనిపిస్తే అది ఎర్రదీపమే అనుకోవాలి, నాయనా. పచ్చది అని కంటితో చూసేవరకు పచ్చది కాదు."

ఆ మాట ఆయన కల్పించినది కాదు, రైల్వే నిబంధన. పాత చేతి సిగ్నలును చూసినవారికి దాని నిర్మాణం తెలుసు. కేబిన్‌నుంచి తీగ లాగితేనే దాని చేయి కిందికి వాలి దారి ఇస్తుంది. తీగ తెగితే, స్తంభానికి అమర్చిన బరువు ఆ చేతిని తిరిగి అడ్డంగా నిలబెడుతుంది. రాబోయే బండి ఆగిపోతుంది. తీగ తెగదని దాన్ని కట్టినవారు నమ్మలేదు. ఏదో ఒకనాడు తెగుతుందనే అనుకొన్నారు. తెగిన క్షణాన మనుషుల ప్రాణాలు నిలిచే ఏర్పాటు చేశారు. యంత్రం సరిగా ఉన్నప్పుడు ఎంత గొప్పగా పనిచేస్తుందన్నది నేర్పుకు సంబంధించిన ప్రశ్న. అది తప్పినప్పుడు ఏం చేస్తుందన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. అణ్వాయుధాల గురించి, వాటిని ఆకాశంలోనే అడ్డగిస్తామంటున్న క్షిపణి కవచాల గురించి ఈ రెండవ ప్రశ్న అడగాలన్నదే నా ఉద్దేశం.

రైలు ఊరిలో కూర్చున్నవాడికి అణ్వాయుధాల మాట ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. ఈ ఊరికి ఆ మాటతో పాత సంబంధమే ఉన్నది. ఊరి పక్కనే ఉన్న హిజ్లీలో బ్రిటిషువారు దేశభక్తులను నిర్బంధించిన భవనం ఇప్పటికీ నిలిచి ఉన్నది. 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అనే నిర్బంధితులు మరణించారు. 1951లో అదే భవనంలో దేశపు మొదటి ఐ.ఐ.టి. తరగతులు ప్రారంభమైనవి. ఈ రెండు సంవత్సరాలనూ మా ఊరు గుర్తుంచుకొన్నది. వాటి నడుమ జరిగినదానిని మాత్రం అంతగా తలచుకోదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ భవనం అమెరికా 20వ వైమానిక దళపు బాంబర్ కమాండుకు ముఖ్యస్థానమైనది. ఖరగ్‌పూర్, దూధ్‌కుండీ, పియార్డోబా, చకులియాలలోని విమానాశ్రయాలు బి-29 అనే కొత్తరకపు భారీ బాంబరు విమానాలకు స్థావరాలైనవి.

1944 జూన్ 5న ఆ విమానాలు మొట్టమొదటిసారి యుద్ధానికి బయలుదేరింది ఈ స్థావరాలనుంచే. ఆనాటి గురి బాంకాక్ నగరంలోని మక్కసాన్ రైల్వే కర్ఖానా. రైలు కర్ఖానా ఉన్న ఊరి పక్కనుంచి లేచి, మరొక రైలు కర్ఖానామీద బాంబులు వేయడానికి వెళ్లినవి. అక్కడ కూడా మా ఊరివంటి మనుషులే, మసి పట్టిన చేతులతో, పొద్దున్నే పనిలోకి వెళ్లి ఉంటారు.

ఆ ఆగస్టు చివర కర్టిస్ లెమే అనే సేనాని ఇక్కడి కమాండు బాధ్యత స్వీకరించాడు. డిసెంబరు 18న, జపాను ఆక్రమణలో ఉన్న చైనా నగరం హాంకౌమీద ఆయన విమానాలు నిప్పు బాంబులు కురిపించినవి. కొన్ని నెలలకు, 1945 మార్చి 9వ తేదీ రాత్రి, ఆయన ఆధ్వర్యంలోనే ఆ నిప్పు టోక్యోమీద పడింది. తెల్లవారేసరికి లక్షకు చేరువగా మనుషులు మరణించారు. ఆగస్టులో హిరోషిమా, నాగసాకీలమీదికి అణుబాంబులను మోసుకొనిపోయినవి కూడా బి-29 విమానాలే. 1948 నుంచి 1957 వరకు అమెరికా అణుబాంబర్ల దళానికి అధిపతి ఈ లెమేయే. ఒక ఊరినంతటినీ గురిగా ఎంచే అలవాటు మనుషులకు ఒక్కనాడు పట్టుబడలేదు. మొదట కర్ఖానా గురి. తరువాత కర్ఖానా చుట్టూ ఉన్న పేట గురి. ఆ తరువాత పేటలు, బడులు, ఆసుపత్రులతో సహా నగరం గురి. ఆ మెట్లలో ఒకటి మా నేలమీద కట్టినదే.

ఈ చరిత్రను నేనొకసారి నా పూర్వ విద్యార్థికి ఉత్తరంలో వ్రాశాను. అతను ఇప్పుడు హైదరాబాదులో క్షిపణుల విద్యలో పనిచేస్తున్నాడు. బడిలో ఉన్నప్పుడు రైలింజను ఎట్లా ఆగుతుందో చెప్పమని నన్ను వేధించిన కుర్రవాడు. అతని జవాబు మర్యాదగా ఉన్నది, కాని సూటిగా ఉన్నది. "మాస్టారూ, నేను చేస్తున్నది ఊళ్లమీద వేసే ఆయుధం కాదు. వచ్చే ఆయుధాన్ని దారిలోనే పడగొట్టేది. మీ ఇంటిమీద పడబోయేదాన్ని నేను ఆపగలిగితే అది తప్పెట్లా అవుతుంది?"

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. దీనికి జవాబు చెప్పబోయే ముందు, ఈ కవచం ఎందుకు అవసరమైనదో, దానికి మూలమైన నిరోధ సిద్ధాంతం ఏమంటుందో న్యాయంగా చెప్పుకోవాలి.

నిరోధ సిద్ధాంతం సారాంశం ఇంతే: నీవు కొడితే నేను తప్పక తిరిగి కొడతాను, ఆ దెబ్బకు నీకు ఏమీ మిగలదు, కనుక నీవు కొట్టవు. 1945 తరువాత ఏ యుద్ధంలోను అణుబాంబు పడలేదని, పెద్ద రాజ్యాలు నేరుగా మహాయుద్ధానికి దిగలేదని ఈ సిద్ధాంతం నమ్మేవారు చెబుతారు. అది నిజమే. 1998 మే 11, 13 తేదీలలో భారతదేశం పోఖ్రాన్‌లోను, అదే నెల 28, 30 తేదీలలో పాకిస్తాను బలూచిస్తాన్‌లోను పరీక్షలు జరిపినవి. ఆ తరువాత 1999లో కార్గిల్‌లోను, 2025 మే నెలలోను రెండు దేశాలూ తలపడ్డవి. అయినా అణ్వాయుధం జోలికి పోలేదు. నిరోధం యుద్ధాన్ని ఆపలేదు. యుద్ధానికి ఒక హద్దు గీసిందేమో అనవచ్చు. ఆయుధం ఒకరి చేతిలోనే ఉండి మరొకరి చేతిలో లేకపోతే ఏమవుతుందో హిరోషిమా చూపించింది గదా అని కూడా వారు అడుగుతారు. ఆ మాటకు నా దగ్గర సులభమైన సమాధానం లేదు. ఆయుధాన్ని పారవేయమని మనవారికి మాత్రమే చెప్పడం నాకు చేతకాదు.

కాని ఈ సిద్ధాంతంలో రెండు లోపాలు నన్ను నిద్రపోనివ్వవు.

మొదటిది: బెదిరింపు రాజ్యమేలేవారికి, తాకట్టు పిల్లలు. లాహోరులో బడికి వెళ్లే పిల్లవాడి ప్రాణం ఢిల్లీ చేతిలోను, ఖరగ్‌పూర్‌లో బడికి వెళ్లే పిల్లవాడి ప్రాణం మరొక రాజధాని చేతిలోను తాకట్టుగా ఉన్నవి. ఆ పిల్లలు ఏ అప్పూ చేయలేదు. తిరిగి కొడతామన్న మాట ఉత్తదే అయితే అది ఎవరినీ ఆపదు. నిజమే అయితే, నిరపరాధులను చంపడానికి మనం ఈనాడే మనసులో సిద్ధపడి ఉన్నామన్నమాట. చేయి ఎత్తకపోయినా, ఎత్తడానికి ఒప్పుకొన్న మనసు మనదే. ప్రభుత్వం పేరు చెప్పి పౌరుడు దీనినుంచి తప్పించుకోలేడు.

రెండవది కేబిన్ వృద్ధుడు నేర్పిన లోపం. రైలు సిగ్నలు తప్పితే బండి ఆగాలి. నిరోధ యంత్రం స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. పాలకులు మరణించినా, వార్తల తీగలు తెగినా, రాజధాని బూడిదైనా, ఎదురుదెబ్బ తప్పకూడదు. తప్పేటట్లయితే బెదిరింపుకు విలువ లేదు. కనుక ఆగకుండా ఉండడంకోసమే ఆ యంత్రాన్ని కట్టారు. ఆరిన దీపాన్ని అది పచ్చదీపంగా చదివే ప్రమాదం దాని పుట్టుకలోనే ఉన్నది.

1983 సెప్టెంబరు 26న సోవియట్ హెచ్చరిక కేంద్రంలో అమెరికా క్షిపణులు అయిదు వస్తున్నట్లు యంత్రం చెప్పింది. ఎత్తయిన మేఘాలమీద పడిన ఎండను ఉపగ్రహాలు క్షిపణుల మంటగా పొరబడ్డవి. ఆ రాత్రి విధిలో ఉన్న స్టానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి ఆ వార్తను నమ్మక, అది తప్పుడు హెచ్చరిక అని పైవారికి తెలియజేశాడు. ఆరిన దీపాన్ని ఎర్రదీపమనుకొన్న మనిషి అతను. కాని ఆ రాత్రి లోకాన్ని కాపాడింది యంత్రం కాదు, సిద్ధాంతం కాదు. ఒక మనిషి సందేహం. ఆ కుర్చీలో మరొకరు ఉండి ఉంటే?

ఇది పరాయిదేశపు కథ అని మనం నిశ్చింతగా ఉండనక్కరలేదు. 2022 మార్చి 9న మన దేశపు క్షిపణి ఒకటి, మరమ్మతు పరీక్షల సమయంలో, పొరపాటున ఎగిరి పాకిస్తాన్ పంజాబులోని మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు, ఎవరూ చనిపోలేదు. మన ప్రభుత్వం విచారం తెలిపింది. విచారణ జరిపి ఆ ఆగస్టులో ముగ్గురు అధికారులను ఉద్యోగంనుంచి తొలగించింది. పాకిస్తాను తిరిగి కొట్టలేదు. ఆనాడు అక్కడ ఎవరో ఓర్చుకొన్నారు. ఓర్చుకొన్నవారి పేరు మనకు తెలియదు. వారి ఓర్పు వలన ఆ రాత్రి మన ఊళ్లు నిద్రపోయినవి.

ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు గదా అన్నవారికి చెప్పదగిన మాట మా రైల్వే డివిజనులోనే ఉన్నది. 2023 జూన్ 2 సాయంకాలం, బాలాసోర్ జిల్లా బహనగా బజారు స్టేషన్‌లో, చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను మీదికి పచ్చదీపం వెలిగింది. పట్టా మాత్రం లూప్ లైను వైపు తిరిగి ఉన్నది. అక్కడ ఆగి ఉన్న గూడ్సును బండి గుద్దుకొన్నది. పడిన పెట్టెలకు ఎదురు దారిన పోతున్న మరొక బండి తగిలింది. 290 మందికి పైగా మరణించారు. సిగ్నలు తీగల అమరికలో అంతకుముందు ఎన్నడో చేసిన మార్పులో దొర్లిన తప్పు, ఆ రోజు గేటు దగ్గర జరిగిన పనితో కలిసి, ఈ ఘోరానికి కారణమైనదని విచారణలో తేలింది. పాత తప్పు తీగలలో మౌనంగా ఉన్నన్నాళ్లూ బండ్లు క్షేమంగానే పోయినవి. ఆ క్షేమాన్ని చూసినవారెవరికీ సందేహం కలగలేదు. మా పక్కింటి వృద్ధుడు ఆ తరువాత చాలా రోజులు ఎవరితోను మాట్లాడలేదు. తప్పితే ఆగాలని నూరేళ్లకు పైగా శ్రమపడి కట్టిన ఏర్పాటే ఒకనాడు మనిషి చేతిలో తప్పి, పచ్చదీపం చూపింది. తప్పితే ఆగకూడదని కట్టిన ఏర్పాటును మనం ఎంతవరకు నమ్మవచ్చు?

ఇప్పుడు కవచం మాటకు వస్తాను. బహనగాకు దగ్గరలోనే, అదే బాలాసోర్ జిల్లా తీరంలో, చాందీపూర్ క్షిపణి పరీక్షా క్షేత్రం ఉన్నది. 1989 మే 22న అగ్ని క్షిపణి మొదటిసారి లేచింది అక్కడినుంచే. 2006 నవంబరు 27న ఒడిశా తీరంలో మన శాస్త్రజ్ఞులు ఒక క్షిపణిని వాతావరణానికి పైన మరొక క్షిపణితో పడగొట్టారు; 2007 డిసెంబరు 6న వాతావరణం లోపల పడగొట్టారు. ఆ వార్త చదివిన నాడు నేనూ సంతోషించాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు దాచను.

కాని కవచంలో ఒక చిక్కు ఉన్నది. అది ఒంటరిగా కనిపించదు. కత్తి పట్టినవాడి ఒంటిమీద కనిపిస్తుంది. వీడు మొదట కొట్టి, నా వద్ద మిగిలిన కొద్దిపాటి ఆయుధాలను కవచంతో ఆపుకొంటాడేమోనని ఎదుటివాడు భయపడతాడు. ఆ భయం తెలిసే అమెరికా, సోవియట్ యూనియన్‌లు 1972లో కవచాలకు పరిమితి విధించుకొంటూ ఒడంబడిక చేసుకొన్నవి. తమ ఊళ్లను కప్పుకోకుండా ఉండడానికి ఒప్పుకొన్నవి. 2002లో అమెరికా దానినుంచి తప్పుకొన్నది. మన దగ్గర కూడా కథ అట్లాగే నడిచింది. 2017 జనవరిలో పాకిస్తాను అనేక శిరస్సులు గల అబాబీల్ క్షిపణిని పరీక్షించి, ఈ ప్రాంతంలో పెరుగుతున్న కవచాలను దృష్టిలో పెట్టుకొనే దాన్ని చేశామని చెప్పింది. 2024 మార్చి 11న మనం అనేక శిరస్సులు గల అగ్ని-5ను పరీక్షించాము. కవచం ఒకటి వస్తే బాణాలు పది వస్తున్నవి. అణ్వాయుధాలు గల రాజ్యాలు ఈనాడు తొమ్మిది. ఒకరు మరొకరిని చూసి వేసుకొన్న కవచం మూడవవాడికి ముల్లవుతున్నది.

పైగా ఏ కవచమూ పూర్తి కాదు. ఇందుకు సాక్ష్యం మా ఊరి పక్కనే ఉన్నది. 1965 సెప్టెంబరు 7న తూర్పు పాకిస్తాన్‌నుంచి వచ్చిన సేబర్ విమానాలు కలైకుండా విమానాశ్రయంమీద దాడిచేసి, నేలమీద నిలిచి ఉన్న మన విమానాలను తగలబెట్టినవి. అదే రోజు రెండవసారి వచ్చినప్పుడు మన హంటర్ విమానాలు వాటిని ఎదుర్కొన్నవి. ఆల్ఫ్రెడ్ కుక్ అనే యువ వైమానికుడు ధైర్యంగా పోరాడి సేబరును కూల్చాడు. మొదటిసారి తప్పినా రెండవసారి సరిదిద్దుకొనే అవకాశం ఆనాటి ఆయుధాలు ఇచ్చినవి. పదింటిలో తొమ్మిదింటిని ఆపడం ఆ యుద్ధంలో విజయం. అణ్వాయుధాల లెక్కలో, ఆపలేకపోయిన ఆ పదవది ఒక నగరం.

భారతం చదివినవారికి ఇదంతా కొత్త కాదు. అశ్వత్థామ వదిలిన అస్త్రాన్ని శాంతింపజేయడానికే అర్జునుడు తన అస్త్రం వదిలాడు. అతని ఉద్దేశంలో కల్మషం లేదు. అయినా ఆ రెండు మంటలూ కలిస్తే లోకాలకు ముప్పని వ్యాసుడు, నారదుడు వాటి నడుమ వచ్చి నిలబడ్డారు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించాడు. అశ్వత్థామకు వదలడం తెలుసు, మరలించడం తెలియదు. అది పాండవుల కోడలి గర్భంమీదికి పోయింది. మన క్షిపణులన్నీ అశ్వత్థామ విద్యకు చెందినవే. ఎగిరిన తరువాత వాటిని మరలించే మంత్రం ఏ పరిశోధనాశాలలోను లేదు. కనుక ఉపసంహారం ఎగరకముందే జరగాలి.

అది ఎట్లా అన్నదానికి కూడా మా రైలు ఊరు ఒక దారి చూపుతుంది. ఒంటి లైనుమీద ఎదురెదురుగా బండ్లు రాకుండా పూర్వం టోకెన్ల పద్ధతి పెట్టారు. రెండు స్టేషన్లలోను రెండు పెట్టెలు. వాటిని కలుపుతూ తీగ. అవతలి స్టేషన్ మాస్టరు సమ్మతించి తన మీట నొక్కితేనే ఇవతలి పెట్టెనుంచి టోకెను బయటికి వస్తుంది. అది డ్రైవరు చేతిలో ఉన్నంతసేపు రెండు పెట్టెలలో దేనినుంచీ మరొకటి రాదు. ఆ స్టేషన్ మాస్టర్లిద్దరూ మిత్రులు కానక్కరలేదు. ఒకరినొకరు చూసి ఉండనక్కరలేదు. పగవారైనా సరే, బండ్లు ఢీకొనవు. ప్రేమ పుట్టేవరకు ప్రయాణికులు వేచి ఉండనవసరం లేకుండా చేసిన ఏర్పాటు అది.

ఇటువంటి టోకెన్లు మన రెండు దేశాల మధ్య కొన్ని ఉన్నవి. ఒకరి అణుకేంద్రాలమీద మరొకరు దాడి చేయరాదని 1988 డిసెంబరు 31న ఒప్పందం జరిగింది. 1992 నుంచి ప్రతి జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు చేతులు మారుతున్నవి. కార్గిల్ యుద్ధం జరిగిన సంవత్సరం తరువాత కూడా ఆ మార్పిడి ఆగలేదు. బాలిస్టిక్ క్షిపణి పరీక్షలను ముందుగా తెలుపుకోవాలని 2005 అక్టోబరులో మరొక ఒప్పందం చేసుకొన్నారు. ముందుగా అణ్వాయుధం వాడబోమని భారతదేశం 2003 జనవరిలో తన విధానంగా ప్రకటించింది. ఇవి చిన్నవి, పత్రికలలో లోపలి పేజీలలో వచ్చే వార్తలు. కాని క్షిపణి పరీక్ష జరిగిన రోజు మొదటి పేజీలో చూసి పొంగిపోయే మనం, జనవరి 1న ఆ చిన్న వార్తకోసం వెతకడం నేర్చుకోవాలి. ఇటువంటి టోకెన్లు ఇంకా కావాలి. కవచాల గురించీ కావాలి. పొరపాటున ఎగిరే క్షిపణి సంగతిని వెంటనే చెప్పుకోవడానికీ కావాలి. నిర్ణయానికి నిమిషాలు కాక గంటలు మిగిలే ఏర్పాటుకూ కావాలి.

నా విద్యార్థికి చివరకు ఇట్లా వ్రాశాను: "నా ఇంటిమీద పడబోయేదాన్ని ఆపడం తప్పు కాదు. ఆపగలిగితే ఆపు. కాని ఆ పనికి శాంతి అని పేరు పెట్టవద్దు. ఊరివాళ్లను అట్లా నమ్మనివ్వవద్దు. నీ యంత్రం ఎంత ఎత్తున, ఎంత వేగంగా కొడుతుందని అందరూ నిన్ను అడుగుతారు. తప్పినప్పుడు అది ఏం చేస్తుందని నీకు నీవే అడుగుకో. నీ పైవారిని కూడా అడుగు. వారికి కోపం వచ్చినా సరే."

జవాబులో అతను నాతో వాదించలేదు. చాందీపూర్‌లో తాను చూసినదొకటి వ్రాశాడు. పరీక్ష ఉన్న రోజు ముందుజాగ్రత్తగా దగ్గరి పల్లెలవారిని ఇళ్లు విడిపించి తాత్కాలిక శిబిరాలలో ఉంచుతారు. వాళ్లు తలుపులు దగ్గరికి వేసి, పిల్లలనూ ముసలివారినీ వెంటబెట్టుకొని వెళ్తారు. పరీక్ష ముగియగానే ఇళ్లకు వచ్చి పొయ్యి వెలిగించుకొంటారు. "ఆ రోజు ఒక ముసలమ్మ తాళం వేయకుండానే బయలుదేరింది, మాస్టారూ. ఎందుకమ్మా అని అడిగితే, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తాను గదా అన్నది."